డెబ్బై ఎనిమిది కిలోల మనిషి

నన్ను తూచకుండా నాకు మందు ఎక్కించారు. కొరాపుట్‌లో అంత పెద్ద ఆసుపత్రి, మంచానికో యంత్రం, యంత్రానికో ఎర్రదీపం. అయినా నా బరువెంతో ఎవరూ తూచి చూడలేదు. బయట బల్లమీద కూర్చున్న మా ఆవిడని అడిగారు, ఆమె చెప్పింది రాసుకున్నారు, ఆ అంకెతోనే లెక్క కట్టి నా నరంలోకి నిద్రమందు వదిలారు. ఆమె చెప్పిన అంకె తప్పు. ఆ తప్పు లెక్క మూలాన నేను లేవాల్సిన నాటికి లేవలేదు.

ఎవరినో బజారున పెట్టాలని ఇది రాయడం లేదు. బతికాను, బాగున్నాను, పొద్దున్నే గ్లాసుడు రాగిజావ తాగి మరీ రాస్తున్నాను. కోపం మటుకు తగ్గలేదు. ఎందుకు తగ్గాలి? నేను రాయగడ స్టేషన్లో పార్సిలు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషిని. మూటలు మోసే పనిలో చేరి, తూకం వేసే పని దాకా వచ్చాను. బడిలో చదివింది తక్కువ. ఒడియా పార్సిళ్ళ మీది చిరునామాలు చూసి నేర్చుకున్నాను, ఇంగ్లీషు రైల్వే రూళ్ళ పుస్తకం చూసి నేర్చుకున్నాను. మా ఆఫీసులో తూకం పడకుండా ఏదీ బండెక్కేది కాదు. పనసకాయలు, పసుపు బస్తాలు, తమలపాకుల బుట్టలు, ఒకసారి పెళ్ళివారి పందిరిమంచం. కోళ్ళ గంప వస్తే కోళ్ళతో సహా కాటామీద పెట్టేవాళ్ళం. కోళ్ళు కదులుతుంటే ముల్లు నిలవదు. నిలిచేదాకా ఆగి, అప్పుడు రాసేవాళ్ళం. ఆ కోళ్ళకి జరిగిన మర్యాద నాకు జరగలేదు.

వినాయక చవితి వెళ్ళాక

ఆ ఏడు వానలు పట్టి వదల్లేదు. చవితి పందిళ్ళు తీసేసిన కొన్నాళ్ళకి నాకు దగ్గు మొదలైంది. మా ఆవిడ పైడమ్మ మిరియాల కషాయం పెట్టింది. నేను నా సొంత వైద్యం మొదలుపెట్టాను. పత్రికల్లో ఆరోగ్యం పేజీలు కత్తిరించి దాచుకునే అలవాటు నాకుంది. ఆ కత్తిరింపులన్నీ మంచంమీద పరుచుకుని వెతికాను. షుగరుంది, మోకాళ్ళ నొప్పులున్నాయి, జుట్టు రాలడం కూడా ఉంది. నా దగ్గు మటుకు లేదు.

దగ్గుకి జ్వరం తోడైంది. గదిలోంచి వాకిట్లోకి వెళ్తే చాలు, బస్తా మోసినట్టు ఆయాసం. రాయగడలో ఛాతీకి ఫొటో తీసి, రెండు వైపులా నిమ్ము చేరింది, ఆలస్యం చెయ్యకుండా కొరాపుట్ తీసుకుపొమ్మన్నారు. మా అబ్బాయి కొరాపుట్ దగ్గరే కంపెనీ టౌనుషిప్పులో ఉంటాడు కాబట్టి అక్కడ దిక్కుంటుందని బయల్దేరాం. అంబులెన్సులో నాతో పైడమ్మ, ముందు డ్రైవరు పక్కన మా బావమరిది గవరయ్య. గవరయ్యది బిస్సం కటక్‌లో పసుపూ చింతపండూ కొని అమ్మే వ్యాపారం. అక్కకి కబురు తెలిసిన పూటే కొట్టు కట్టేసి వచ్చేశాడు. వాడికి నోరు కాస్త ఎక్కువ.

“బావా, ఘాటు ఎక్కుతన్నాం. కిందకి సూడకు. నీకసలే పేనం మీద తీపెక్కువ.”

“ఒరే గవరయ్యా, ఆ నోరు మూసుకో. ఆయనకి ఊపిరాడక సస్తంటే నీకు ఏళాకోళమా?” అంది పైడమ్మ.

“నవ్వుతన్నాడే అక్కా, సూడు!”

నిజంగానే నవ్వాను, ముఖానికి పెట్టిన ముసుగు కింద. ఆ నవ్వుకే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఆ ప్రయాణంలో నాకు బాగా గుర్తున్నది ఆ నవ్వే. కొరాపుట్ చేరాక ఎవరెవరో పైన వంగడం, ‘గొట్టం వేస్తాం, నిద్రపోండి’ అని హిందీలో చెప్పడం తెలుసు. ఆ తరవాత జరిగినవి నేను చూసినవి కావు. మా ఆవిడ, గవరయ్య, ఒక నర్సమ్మ చెప్పినవి కలిపి రాస్తున్నాను. ముగ్గురూ మూడు రకాలుగా చెప్పినచోట మా ఆవిడ చెప్పినదాన్నే పక్కన పెట్టాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

నన్ను లోపల పడుకోబెట్టాక ఒక సిస్టరు తలుపు తీసుకుని బయటికొచ్చి, “ఓజన్ కెతె?” అని అడిగింది. బరువెంత అని. అన్నేళ్ళు ఒరిస్సాలో ఉన్న మా ఆవిడకి ఆ మాత్రం తెలుసు.

“డెబ్బై ఎనిమిది” అంది, ఒక్క క్షణం ఆలోచించకుండా.

గవరయ్య తెల్లబోయాడట. “అంతుంటాడేటే అక్కా బావ?”

“నువ్వు నోర్ముయ్యి. నా కళ్ళతో సూసేను.”

చూసిన మాట నిజం. మా మనవరాలికి నాలుగేళ్ళప్పుడు జ్వరం వచ్చి ఎన్నాళ్ళకీ దిగలేదు. పిల్లకి తగ్గితే పిల్ల ఎత్తూ, తాత ఎత్తూ బెల్లం తూచి ఇస్తానని పైడమ్మ అమ్మవారికి మొక్కుకుంది. తగ్గింది. మంచి రోజు చూసుకుని గుడికి వెళ్ళాం. పెద్ద త్రాసు కట్టారు. పిల్లని ఒక్కదాన్నీ పళ్ళెంలో కూర్చోబెట్టేసరికి కేకలు. దింపితే ఊరుకుంటుంది, ఎక్కిస్తే ఏడుస్తుంది. చూసి చూసి పూజారి, “ఇద్దరి మొక్కూ ఒక తల్లికే కదా, కలిపి తూచేద్దాం” అన్నాడు. నేను పళ్ళెంలో కూర్చున్నాను, పిల్ల నా ఒళ్ళో కూర్చుంది. అవతల బెల్లం దిమ్మలు పేర్చారు. డెబ్బై ఎనిమిది కిలోల దగ్గర త్రాసు నిలబడింది.

ఆ రోజు నుంచి మా ఆవిడ ఆ సంగతి చెప్పని చుట్టం లేడు. మొదట్లో ‘తాతా మనవరాలూ’ అని చెప్పేది. రానురాను కథలోంచి పిల్ల జారిపోయింది. ‘మా ఆయనెత్తు బెల్లం, డెబ్బై ఎనిమిది కిలోలు’ అని మిగిలింది. అమ్మవారికి ఇచ్చినదాన్ని తగ్గించి చెప్పకూడదని ఆమె నమ్మకం. కాబట్టి ఆ అంకె అలాగే ఉండిపోయింది. ఈలోగా పిల్ల పెరిగింది, నేను తరిగాను.

దసరా రోజుల్లో

నా మటుకు నేను పార్సిలు వ్యానులో ఉన్నాను. నామీద చీటీ లేదు. ప్రతి స్టేషన్లోనూ తలుపు తీసి ఎవరో దీపం వేసి చూస్తారు, చీటీ లేదంటారు, తలుపు మూస్తారు. బండి కదులుతుంది. ఇక్కడే దింపండి అని అరవబోతే గొంతు లేదు. నొప్పి లేదు, ఆకలి లేదు. దిగాల్సిన ఊరు దాటిపోతున్నామన్న భయం ఒక్కటే ఉంది. ఇప్పటికీ ఎక్కడైనా గూడ్సుబండి తలుపు మూసిన చప్పుడు వింటే లేచి వెళ్ళి మా తలుపు తీసి పెడతాను.

బయట పైడమ్మ బల్ల దిగలేదు. మా అబ్బాయి విశాఖపట్నం తీసుకుపోదాం అన్నాడు. ఈవిడ కదపనివ్వనంది. తల్లీ కొడుకులు హాల్లోనే మాటా మాటా అనుకున్నారు. వాడు కోపంగా వెళ్ళిపోయాడు. మళ్ళీ ఇడ్లీలు పట్టుకుని వచ్చాడు. ఈవిడ తినలేదు. పక్కన ఒక పరజా కొండజాతి ఆవిడ కూర్చుని ఉండేదట, కొడుకుని లోపల పెట్టుకుని. తన సొరకాయ బుర్రలోంచి రాగిజావ గిన్నెలో పోసి మా ఆవిడ చేతిలో పెట్టింది. ఒకరి భాష ఒకరికి సగమే తెలుసు. జావ తాగేదాకా ఆవిడ గిన్నె కింద చెయ్యి తియ్యలేదు. కొడుకు పెట్టినది తోసేసిన మనిషి, ముక్కూమొహం తెలియని ఆవిడ పెట్టింది తాగింది. అబ్బాయి ఇప్పటికీ ఆ మాట ఎత్తుతాడు.

నా ఊపిరితిత్తులు తేరుకున్నాయట. నిద్రమందు తగ్గించుకుంటూ వచ్చారు, మనిషి లేవాలి. లేవలేదు. రక్తపోటు పడిపోతోంది. డాక్టరు బయటికొచ్చి, కటక్ వైపు నుంచి వచ్చిన కుర్రవాడాయన, మెత్తగానే చెప్పాడు: ఈపాటికి కళ్ళు తెరవాలి, తెరవడం లేదు, తల లోపల మెదడుకి ఏమైనా దెబ్బ తగిలిందేమో ఫొటో తీసి చూడాలి. తలకి దెబ్బంటే ఏమిటో గవరయ్య అడిగాడు. లేచినా మనల్ని గుర్తుపట్టకపోవచ్చు అని డాక్టరు అన్నాడు. అప్పుడు గవరయ్యకి నోరు పెగల్లేదట. వాడి జీవితంలో అదొక్కసారే అని మా ఆవిడ ఒట్టు పెట్టి చెబుతుంది.

ఆ పూటే భారతి సిస్టరు డ్యూటీకి వచ్చింది. ఆమెది గుడారి దగ్గర పల్లె. మాలాగే వాళ్ళ తాతలూ శ్రీకాకుళం వైపు నుంచి సేద్యానికి వచ్చినవాళ్ళు. వీపు ఒత్తుకుపోకుండా నన్ను పక్కకి తిప్పాలి. ఇద్దరు పట్టుకుని తిప్పారు. అనుకున్నదానికంటే తేలిగ్గా తిరిగిపోయాను. ఆమెకి అనుమానం వచ్చింది. కాగితం చూసింది, నన్ను చూసింది, తిన్నగా బయటికొచ్చింది.

“మామ్మా, తాత బరువు ఎవులు సెప్పేరు?”

“నానే సెప్పేను.”

“ఎక్కడ తూసేరు?”

“అమ్మోరి కాడ. బెల్లం తూసేం.”

“ఎప్పుడు?”

“పిల్లకి జెరం తగ్గినప్పుడు. ఇప్పుడా పిల్ల ఏడో క్లాసు.”

“తాతనొక్కడ్నే తూసేరా?”

పైడమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. సిస్టరు మళ్ళీ అడిగింది. గవరయ్య అక్క మొహంలోకి చూస్తున్నాడు.

“పిల్ల ఒళ్ళో ఉన్నాది” అంది పైడమ్మ.

సిస్టరు లోపలికి పరిగెత్తిందట. డాక్టర్ని పిలిచింది. టేపు పెట్టి తల నుంచి మడమ దాకా నా పొడుగు కొలిచారు, ఆ పొడుగు మనిషికి ఎంత బరువు ఉంటుందో చూసి, ఒళ్ళు చిక్కినందుకు కొంత తీసేశారు. నిద్రమందు పూర్తిగా ఆపారు. మిగతా మందులన్నిటికీ కొత్త అంకెతో మళ్ళీ లెక్క కట్టారు. ఫొటో సంగతి రేపు చూద్దాం అని డాక్టరు అన్నాడు.

మర్నాటికి నా బండి ఆగింది. ఎవరో తలుపు తీశారు. ఈసారి మూయలేదు.

“తాతా, నా సెయ్యి నొక్కు. నొక్కు తాతా!”

నొక్కాను. “ఓలమ్మో, ఎంత గట్టిగా నొక్కేడో! ఒదులు తాతా, ఒదులు!” అని భారతి సిస్టరు అరుస్తోంటే నాకు ఒక్కటే తెలిసింది, నేను దిగాల్సిన ఊళ్ళోనే దిగాను. పైడమ్మని లోపలికి రానిచ్చారు. గొంతులో గొట్టం ఉంది, మాట్లాడలేను. ఆవిడ ఎవరో తెలుసా అని సైగచేసి అడిగింది సిస్టరు. నేను చెయ్యెత్తి, నెత్తిమీద మొట్టినట్టు చూపించాను. ఇంట్లో నన్ను అలా మొట్టే మనిషి ఒక్కతే. పైడమ్మ ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ముక్కు చీదింది. ఆ గదిలో నవ్వకూడదని ఎవరో వచ్చి కసిరారట. ఆ కసిరినవాళ్ళు కూడా నవ్వుతున్నారట.

కార్తీకంలో

వార్డుకి మార్చారు. లోకంలో ఇడ్లీ ఇంత రుచిగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. వార్డు ఆయా నాకు గెడ్డం గీసి, అద్దం పట్టుకుని, “పెళ్ళికొడుకా!” అని ఒడియాలో అంది. కిటికీలోంచి దేవమాలి వైపు కొండలు నీలంగా కనిపించేవి. నడక మళ్ళీ నేర్చుకున్నాను. ఒక పక్క కర్ర, ఒక పక్క గవరయ్య.

“బావా, తిన్నగా నడువు. మా అక్క నిన్ను డెబ్బై ఎనిమిది కిలోలకి సూసుకుంతన్నాది, నువ్వు పడ్డావంటే అంత బరువూ నానే మొయ్యాల.”

అదేమిట్రా అని అడిగాను. వాడు నోరు జారాడు. అక్కణ్ణుంచి సంగతంతా లాగాను. భారతి సిస్టరు వచ్చాక మిగతాది ఆమెనడిగాను.

ఆమె దాచలేదు. “మందు గంటకి ఎంత పోవాలో మనిషి బరువుని బట్టే తాతా. లెక్క ఒక్కరే ఎయ్యరు. ఇద్దరు ఇడిగా ఏసి, కలిస్తేనే మిసన్లో పెడతారు. నీకూ అలగే ఏసేరు. ఇద్దరి లెక్కా కలిసినాది.”

“లెక్కలు కలిసేయి గాని, నాను కలవలేదు కదమ్మి!”

ఆ మాటకి ఆమె నవ్వలేదు. “అవును తాతా” అంది. ఆ ‘అవును’ నాకు నచ్చింది. నాకు అప్పటిదాకా ఎవరూ అలా అవునని అనలేదు.

తరవాత పైడమ్మని పట్టుకున్నాను.

“ఏటే, డెబ్బై ఎనిమిదని ఎందుకు సెప్పేవు?”

“అమ్మోరి కాడ తూగిన తూకం. తగ్గించి సెప్పనా?”

“నా ఒళ్ళో పిల్ల ఉంది కదే!”

“పిల్ల మటుకు ఎవుల్ది? మనది కాదేటి?”

“నన్ను సంపేసేవు కదే!”

“సంపితే ఇలగ అరుస్తావేటి? లేసి కూకుని నామీద ఎగురుతన్నావంటే అమ్మోరే కాసినట్టు.”

దీనికి ఏం జవాబు చెబుతారో చదివేవాళ్ళు చెప్పండి. గవరయ్య మటుకు, “బావా, మా అక్క నిన్ను ఎప్పుడూ ఉన్నదానికంటే ఎక్కువే అనుకున్నాది. తప్పేటి?” అని తీర్పు ఇచ్చి ఇడ్లీ పొట్లం విప్పాడు.

ఆ లెక్క నాకూ నేర్పమని సిస్టరుని అడిగాను. పార్సిళ్ళకి కూడా బరువుని బట్టి లెక్క కట్టిన మనిషిని, ఇదెంత అనుకున్నాను. కిలోకి ఇంత మందు, మనిషి ఇన్ని కిలోలు, సిరంజిలో ఒక మిల్లీలీటరులో ఇంత మందు ఉంది, గంటకి ఎంత వదలాలి? కాగితంమీద వేసి, దర్జాగా ఇచ్చాను. ఆమె చూసి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. చుక్క ఒక స్థానం అవతల పెట్టాను. పదింతలైంది.

“తాతా, నువ్వెట్టిన మందుకి ఆ మనిషి దసరాకి పడుకుంటే ఉగాదికి లేస్తాడు!”

వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. అప్పుడు నాకు ఆ పని మీద గౌరవం పెరిగింది, ఆ మాట ఇక్కడ రాయకపోతే తప్పు. బస్తా తూకంలో పొరపాటు జరిగితే మా స్టేషన్ మాష్టరు కేకలేసేవాడు, అంతే. వీళ్ళ పొరపాటు ఒక మనిషి ఊపిరి మీద పడుతుంది. అది తెలిసే ఇద్దరేసి కూర్చుని లెక్క కడుతున్నారు. అంత జాగ్రత్తగా కట్టే లెక్కలో మొదటి అంకె మాత్రం బల్లమీద కూర్చున్న ముసలమ్మ నోట్లోంచి తీసుకోవడం ఏమిటి? నా కోపం తగ్గలేదు సరికదా, దానికి కారణం ఇంకా బాగా అర్థమైంది.

డాక్టరు బాబు రౌండుకి వచ్చినప్పుడు అడిగాను. “పడుకున్న మనిషిని మంచంతో సహా తూచే ఏర్పాటు మాకు లేదు తాతా. కావాలని రాశాం” అన్నాడు.

“ఎప్పుడు రాశారు బాబూ?”

ఆయన నా నాడి చూస్తున్నట్టు తల వంచుకున్నాడు.

ఇంటికి పంపే రోజు, తూస్తేగాని కదలనని మొండికేశాను. బయటి రోగుల గదిలో ఉన్న కాటా ఎక్కించారు. యాభై రెండు. పక్కన నిలబడి పైడమ్మ కూడా చూసింది. “ఈ కాటా మంచిది కాదు” అంది.

చలి రోజులు

టౌనుషిప్పులో అబ్బాయి క్వార్టర్లో ఉండిపోయాను. పుష్యమాసం చలికి ఆ కొండల మీద పొద్దున్న గడ్డి తెల్లగా అయిపోతుంది. ఎండలో కుర్చీ వేసుకుని ఆసుపత్రికి ఫిర్యాదు రాశాను, మొదట ఒడియాలో, తరవాత ఇంగ్లీషులో, చివర నా తృప్తికి తెలుగులో. అడిగింది ఒక్కటే: పడుకోబెట్టి తెచ్చిన ఏ మనిషికైనా తూకం వేశాకే మందు లెక్క కట్టాలి. నా సంగతి అయిపోయింది. కాని నేను దిగిన మంచంమీద ఈపాటికి ఇంకెవరో పడుకుని ఉంటారు. బయట బల్లమీద వాళ్ళవాళ్ళు ఏ అంకె చెప్పారో. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఇంకో పేరా రాసేవాణ్ణి.

మనవరాలు నా భుజంమీంచి చదివి, “తాతా, ఇంత పొడుగు రాస్తే ఎవరు చదువుతారు?” అంది.

“సదూతారమ్మి. కోపంతో రాసింది ఎవులైనా సదూతారు.”

చదివారో లేదో, జవాబు రాలేదు. ఇంకొకటి రాశాను. రాలేదు. అప్పుడు గవరయ్య ఫోన్లో, “ఉత్తరాలెందుకు బావా? నా కొట్లో బస్తాల కాటా పాతదొకటి ఖాళీగా ఉన్నాది. అట్టుకొచ్చేత్తాను” అన్నాడు. అన్నట్టే వ్యానులో వేసుకుని తెచ్చాడు. దాన్ని తిన్నగా ఆసుపత్రి ఆవరణలో దింపాం.

నా ఆలోచన తేలికైనది. ఖాళీ ట్రాలీని తూచాలి, మనిషితో సహా తూచాలి, ఒకదాంట్లోంచి ఒకటి తీసెయ్యాలి. భారతి సిస్టరు ఒక ట్రాలీ తెప్పించింది. రోగిగా గవరయ్య పడుకున్నాడు, దుప్పటి కూడా కప్పించుకున్నాడు. తోసుకొచ్చి కాటామీదికి ఎక్కించబోతే, ముందు చక్రాలు ఎక్కితే వెనక చక్రాలు కిందే ఉన్నాయి. బస్తాకి సరిపోయే బల్ల, ట్రాలీకి చాల్లేదు. వెనక నుంచి ఎక్కిస్తే ముందువి కింద. ట్రాలీ ఒరిగింది, దుప్పటి జారింది, “నాను బతికే ఉన్నాను, నన్ను పడీకండోయ్!” అని గవరయ్య కేకలు. అప్పటికే హాల్లో ఉన్న రోగుల చుట్టాలంతా చేరారు. అన్నాళ్ళుగా ఏడ్చి ఏడ్చి ఉన్న మొహాలు, పొట్ట పట్టుకుని నవ్వుతున్నాయి.

సగం ట్రాలీ తూచి రెట్టింపు చేద్దాం అన్నాను. చప్పుడు విని బయటికొచ్చిన డాక్టరు బాబు, “మనిషి తలవైపూ కాళ్ళవైపూ ఒకే బరువుండడు తాతా” అన్నాడు. నిజమే, కోపంలో నాకు తోచలేదు. ఆయనే గొంతుక్కూర్చుని కాటా బల్లని జానతో కొలిచి, “పైన పెద్ద ఇనపరేకు వేయిస్తే ట్రాలీ పడుతుంది. రేకు బరువు కూడా తీసేద్దాం” అన్నాడు. ఆ మాటకి నాకు ఆయన మీద సగం కోపం పోయింది.

ఆఫీసు బాబు వచ్చాడు. బయటివాళ్ళ వస్తువు లోపలికి తీసుకోడానికి పై అనుమతి కావాలన్నాడు. అనుమతి వచ్చేదాకా కాటాని వరండాలో టార్పాలిను కప్పి ఉంచుకోవచ్చన్నాడు. పోయిన సగం కోపం తిరిగొచ్చింది. ఈలోగా చేరిన జనం ఊరుకోలేదు. మమ్మల్ని తూచమంటే మమ్మల్ని తూచమని వరస కట్టారు. గవరయ్య గట్టిగా అంకెలు చదువుతుంటే, ఒక్కొక్కరూ మెడల్ గెలిచినట్టు దిగారు. మా ఆవిడని కూడా బలవంతాన ఎక్కించారు. నాకంటే ఎక్కువుంది. ఆ అంకె ఇక్కడ రాయను, నేను ఆ ఇంట్లోనే బతకాలి.

చదివేవాళ్ళకి ఒక్క మాట. మీ ఇంట్లో పెద్దవాళ్ళ బరువెంతో ఇప్పుడే చూసుకోండి. మొక్కులో తూగింది కాదు, పెళ్ళినాటిది కాదు, ఇప్పటిది. ఆసుపత్రిలో అడిగినప్పుడు తెలియకపోతే తెలియదని చెప్పండి, సిగ్గు పడకండి. తెలియదంటే వాళ్ళు కొలుచుకుంటారు. తెలుసంటే నమ్ముతారు.

చైత్రం

చలి పోయింది. నేను రాయగడ వచ్చేశాను. పెరట్లో మునగ కాసింది. అనుమతి సంగతి అడగడానికి ఫోన్ చేసినప్పుడల్లా భారతి సిస్టరు, “వస్తాది తాతా, నువ్వు టైముకి మందులేసుకో” అనేది. కొండవాళ్ళ పండగ చైత్ పొరబ్ వచ్చింది, కొండ ఊళ్ళలో డప్పులు మోగుతున్నాయి. ఇంకో ఫిర్యాదు మొదలుపెట్టాను, ఈసారి పైవాళ్ళకి. సగం రాసేసరికి పోస్టులో డాక్టరు బాబు ఉత్తరం వచ్చింది, ఒడియాలో, ఆయన చేత్తో. పైడమ్మ మునగాకు ఒలుస్తూ, “ఏటంటన్నాడు?” అంది. ఆమెకి తెలుగులో చదివి వినిపించినట్టే ఇక్కడ రాస్తున్నాను.

“పెద్దలకు నమస్కారం. మీ ఉత్తరాలన్నీ అందాయి. ‘పరిశీలిస్తున్నాం’ అని జవాబు రాయమన్నారు. అలా రాయడం ఇష్టంలేక ఊరుకున్నాను, చెప్పడానికి ఏదైనా జరిగాకే రాద్దామని. ఇప్పుడు జరిగింది. అనుమతి వచ్చింది. కాటా లోపలికొచ్చింది, రేకు వేయించాం, ట్రాలీ సరిపోయింది. మీ విషయంలో మేము కొలవాల్సింది, అడిగి ఊరుకున్నాం. ఆ తప్పు మాది, మీ ఇంటావిడది కాదు. మొన్న పొట్టంగి అవతల కొండల్లోంచి ఒకావిడని స్పృహ లేకుండా తెచ్చారు. బరువెంతని వాళ్ళాయన్ని అడిగితే, ‘కిలోలు నాకు తెలియవు. రాగుల బస్తా కన్నా తక్కువ. కొండ దిగేదాకా నేనే మోశాను’ అన్నాడు. తూచాం. అతని మాటే నిజం. మేము కళ్ళతో చూసి అనుకున్నది చాలా ఎక్కువ. తూకం ప్రకారమే, ఇద్దరం విడివిడిగా లెక్క కట్టాం. ఇవాళ పొద్దున గొట్టం తీశాం. గొంతు రాగానే ఆవిడ అడిగిన మొదటి మాట, తన మేకల్ని ఎవరు తోలుతున్నారని.”